చిన్న దేశము – పిన్న జట్టు

అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీల ఫలితములు వార్తలలో వెలువడునపుడు మనము సాధారణముగా పెద్ద జట్ల పేర్లనే చెవియొగ్గి విందుము. ఆ జట్ల వెనుక వేరొక చిన్న ప్రపంచము కలదు. 17, 19, 21 సంవత్సరములని వయఃపరిమితులను నిర్ణయించి, ఆయా దేశముల యువకుల జట్లకు వేరువేరుగా పోటీలు జరుపుచుందురు. పెద్ద దేశములకు ఇవి శిక్షణాలయముల వంటివి. ఈ ఏడు పిల్లలలో ఒకడు పనికిరానిచో మరునాటికి పదిమంది సిద్ధముగా నుందురు. చిన్న దేశముల సంగతి అట్లు కాదు. ఎట్లు కాదో వివరించుటకు మేము ఐస్‌లాండ్ యువకుల జట్టును ఉదాహరణముగా గ్రహించుచున్నాము.

ఐస్‌లాండ్ ఉత్తర అట్లాంటిక్ సముద్రములోని ద్వీపము. వైశాల్యము 1,03,000 చదరపు కిలోమీటర్లు. జనాభా మాత్రము 2011 నాటికి సుమారు 3,18,000. అచట ఏటేటా పుట్టు శిశువులు 4,500 కు అటునిటు. అందు మగపిల్లలు సగము. వారిలోను కొందరిని హ్యాండ్‌బాల్ ఆట లాగుకొనిపోవును. ఆ ఆటలో ఈ దేశము 2008 ఒలింపిక్ క్రీడలలో రజత పతకమునే గెలిచినది! ఈ యువకుల జట్టువారు పుట్టిన రోజులలో, రెండు జర్మనీలను కలిపి చూచినచో ఏటా ఎనిమిది లక్షలకు పైగా శిశువులు జన్మించుచుండిరి. ఈ రెండు దేశముల యువకులు ఒకే మైదానములో, పదకొండుగురికి పదకొండుగురుగా నిలువవలసియున్నది.

పైగా అచటి శీతకాలము సుదీర్ఘము. మంచు, గాలి, చీకటి. పూర్వము పిల్లలు ఏడాదిలో కొలది మాసములే పచ్చికపై ఆడగలిగెడివారు. తక్కిన కాలము గులకరాతి మైదానములే గతి. 2000 సంవత్సరమున కెఫ్లావిక్ పట్టణములో పూర్తి మైదానమంతటికి పైకప్పు గల ఆటశాల వెలసినది. తరువాత అట్టివి మరికొన్ని లేచినవి. బడుల ప్రక్కన కృత్రిమపు పచ్చిక పరచిన చిన్న మైదానములు వందకు పైగా ఏర్పడినవి. వీనికంటె ముఖ్యమని మేము తలచునది మరియొకటి కలదు. చిన్నపిల్లలకు ఆట నేర్పువారును యోగ్యతాపత్రము, జీతము గల శిక్షకులే. ఏటా రెండువేల చిల్లర మగపిల్లలు మాత్రమే పుట్టు దేశము ఒక్క పిల్లవానిని చేజార్చుకొన్నను లోటే కదా!

ఇరువదియొక్క సంవత్సరముల లోపువారి ఐరోపా పోటీలో ఒక చిత్రమైన నియమము కలదు. అర్హత పోటీలు ఆరంభమగునాటి వయస్సునే లెక్కింతురు. అర్హత పోటీలకే రెండేండ్లు పట్టును గనుక, తుది పోటీలనాటికి ఆటగాడు ఇరువదిమూడేండ్లవాడై యుండవచ్చును. 2011 లో డెన్మార్క్ దేశమున జరిగిన పోటీలకు 1988 జనవరి 1 నాడు గాని అటుపిమ్మట గాని పుట్టినవారు అర్హులు.

అర్హత పోటీలలో ఐస్‌లాండ్‌కు ఎదురైన జట్లలో జర్మనీ ఒకటి. 2009 లో ఈ పోటీలలోనే విజేత. 2010 ఆగస్టులో ఐస్‌లాండ్ యువకులు స్వదేశమున ఆ జర్మనీని 4–1 తో ఓడించినారు. జర్మనీ తుది పోటీలకే పోలేకపోయినది. ఐస్‌లాండ్ తమ వర్గములో చెక్ జట్టు తరువాతి స్థానమును పొంది, స్కాట్లండ్‌తో రెండు నిర్ణాయక పోటీలు ఆడవలసివచ్చినది.

చిక్కు ఇచటనే వచ్చినది. ఆ రెండు పోటీలు 2010 అక్టోబరు 7, 11 తేదీలలో. రెండవది ఎడిన్‌బరో నగరమున. మరునాడే, అనగా 12 వ తేదీన, రేక్యావిక్‌లో పెద్దల జట్టు పోర్చుగల్‌తో తలపడవలసియున్నది. పెద్దల జట్టునకు పనికివచ్చు యువకులు కొందరు ఈ పిన్న జట్టులోనే యున్నారు. ఎవరికి ఎవరిని ఇయ్యవలెను? పెద్ద దేశమునకు ఈ ప్రశ్నయే పుట్టదు. ఐస్‌లాండ్ ఫుట్‌బాల్ సంఘము యువకుల జట్టుకే ప్రాధాన్యమిచ్చినది. యువకులు రెండు పోటీలను 2–1, 2–1 తో గెలిచినారు. ఎడిన్‌బరోలో వేసిన రెండు గోల్సును గిల్ఫి సిగుర్డ్‌సన్‌వే. పెద్దలు పోర్చుగల్ చేతిలో 1–3 తో ఓడినారు. ఆనాటికి ఇది దేశపు ప్రధాన జట్టును చిన్నబుచ్చుటగా తోచియుండవచ్చును. మేము మాత్రము, ఆ దేశపు ఫుట్‌బాల్ చరిత్రలో ఇంత దూరదృష్టి గల నిర్ణయము అరుదని భావించుచున్నాము.

2011 జూన్‌లో, ఈ తుది పోటీలకు ఐస్‌లాండ్ మొట్టమొదటిసారిగా వెడలినది. శిక్షకుడు ఏయోల్ఫర్ స్వెరిస్సన్. బెలారస్ చేతిలో 0–2, స్విట్జర్లాండ్ చేతిలో 0–2 తో ఓడి, మూడవ పోటీలో ఆతిథేయియైన డెన్మార్క్‌ను 3–1 తో గెలిచినారు. స్విట్జర్లాండ్ మూడింటను నెగ్గి ముందునకు పోయినది. తక్కిన మూడు జట్లకును ఒక్కొక్క విజయమే. వింత యేమనగా, మూడును వేసిన గోల్సు మూడేసి, ఇచ్చినవి అయిదేసి! అట్టి సందర్భమున ఆ మూడు జట్లు తమలో తాము ఆడిన పోటీలను మాత్రమే లెక్కింతురు. ఆ లెక్కలో బెలారస్ మూడు వేసి రెండిచ్చినది. ఐస్‌లాండ్ మూడు వేసి మూడిచ్చినది. డెన్మార్క్‌పై మరియొక్క గోలు వేసియుండినచో ఐస్‌లాండ్ సెమీఫైనలు చేరెడిది. బెలారస్ పోయినది, పోయి మూడవ స్థానమును పొంది, 2012 ఒలింపిక్ క్రీడలకును అర్హత సంపాదించినది.

కాని ఆ యువకుల కథ అచట ముగియలేదు. 2016 లో ఫ్రాన్స్ దేశమున పెద్దల ఐరోపా పోటీలు జరిగినవి. ఐస్‌లాండ్ తొలి పోటీ పోర్చుగల్‌తోనే. 1–1 తో సమముగా ముగిసినది. ఆ గోలు వేసినవాడు బిర్కిర్ బ్యార్నసన్. జూన్ 27 న నీస్ నగరమున ఇంగ్లండ్‌ను 2–1 తో ఓడించినపుడు విజయపు గోలు కోల్బేన్ సిగ్థోర్సన్‌ది. ఆ రాత్రి మైదానమునకు దిగిన పదకొండుగురిలో వీరిద్దరు, గిల్ఫి, ఆరన్ గున్నార్సన్, యోహాన్ గుడ్‌ముండ్సన్ – ఐదుగురు – డెన్మార్క్‌కు వెళ్లిన పిన్న జట్టువారు. 2018 ప్రపంచ పోటీలలో అర్జెంటీనాతో 1–1 వచ్చినపుడు గోలు వేసిన ఆల్ఫ్రెడ్ ఫిన్‌బోగసన్ కూడ ఆ జట్టువాడే.

ఈ ‘సన్’ల వరుస విని శ్రోతలు వీరందరు బంధువులని తలపరాదు. ఐస్‌లాండ్‌లో మనకువలె ఇంటిపేర్లు సామాన్యముగా లేవు. తండ్రి పేరునకు ‘కుమారుడు’ అని చేర్చి చెప్పుదురు. రేడియో వ్యాఖ్యాతలకు ఇది గట్టి పరీక్షయే.

ఒకే తరమువారు కలిసి పెరిగినట్లే కలిసి వయస్సు మీరుటయు జరుగును. 2020 నవంబరులో హంగరీ చేతిలో 1–2 తో ఓడి, పెద్దల జట్టు తదుపరి ఐరోపా పోటీలకు దూరమైనది. అందులోని ఒక్క గోలు గిల్ఫిదే. నాలుగు మాసములకు, 2021 మార్చిలో, క్రొత్త యువకుల జట్టు రెండవసారి ఐరోపా తుది పోటీలకు ఆ హంగరీ దేశమునకే వెడలి, రష్యా, డెన్మార్క్, ఫ్రాన్స్ జట్ల చేతిలో వరుసగా ఓడినది. మూడు పోటీలలో వేసినది ఒకే గోలు. దానిని వేసిన స్వేన్ ఆరన్ గుడ్‌యాన్సన్ ఇంటిపేరు గల కొలది కుటుంబములలో ఒకదానికి చెందినవాడు. అతని తండ్రి ఐదర్ 1996 లో టాలిన్ నగరమున తొలిసారి పెద్దల జట్టులో అడుగుపెట్టినది, మైదానము విడిచి వచ్చుచున్న తన తండ్రి ఆర్నోర్‌కు బదులుగా.