ప్రాచీన కొరియా – పొరుగు సంస్కృతులు: ‘వారధి’ భావన పునఃపరిశీలన

ఉపోద్ఘాతం:

ప్రాచీన కొరియాను గురించి చరిత్ర గ్రంథాలలో తరచుగా కనిపించే మాట ఒకటున్నది: చైనా నాగరికతను జపానుకు చేరవేసిన వారధి అని. లిపి, బౌద్ధం, ఇటుక కట్టడం, పాలనా పద్ధతులు చైనా నుండి బయలుదేరి కొరియా ద్వీపకల్పం మీదుగా జపానుకు చేరాయన్నది దీని సారాంశం. ఈ మాటలో అసత్యం లేదు. కాని వారధికి ఇష్టాయిష్టాలుండవు. దానిమీదుగా సాగిన వస్తువు అవతలి ఒడ్డున కూడా అదే రూపంలో ఉంటుంది. కొరియాలో జరిగింది అది కాదు. అక్కడివారు వచ్చినదానిలో కొంత ఏరుకున్నారు, కొంత తమకనుగుణంగా మలచుకున్నారు, కొంత మెరుగుపరచి చైనాకే తిరిగి ఇచ్చారు. ఈ విషయాన్ని ప్రధానంగా ఒక సమాధి, ఒక లిపి వ్యవహారం, ఒక దార్శనిక సంప్రదాయం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మూడవదాని మూలాలు నాగార్జునుని వరకు వెళ్తాయి గనుక తెలుగు పరిశోధకులకు అది మరింత ఆసక్తికరం.

ఆధారాలు, వాటి దృక్పథాలు:

కొరియాలో నేడు లభ్యమవుతున్న అతి ప్రాచీన చరిత్ర గ్రంథం ‘సామ్‌గుక్ సాగి’. కిమ్ బుసిక్ దీనిని క్రీ.శ. 1145లో పూర్తి చేశాడు. ఇర్యోన్ అనే బౌద్ధ భిక్షువు సంకలనం చేసిన ‘సామ్‌గుక్ యూసా’ 13వ శతాబ్దపు చివరి భాగానికి చెందింది. అంటే ఇవి వర్ణించే ఘటనలకూ వీటి రచనకూ నడుమ అనేక శతాబ్దాల అంతరమున్నది. కాలంలో దగ్గరివి పొరుగువారి రచనలు: చైనాలో 3వ శతాబ్దంలో రచించిన ‘సాన్‌గువో జి’, జపానులో 720లో పూర్తయిన ‘నిహోన్ షోకి’. మొదటిది కొరియావారిని తూర్పు దిక్కు అనాగరిక జాతుల అధ్యాయంలో చేర్చింది. రెండవది కొరియా రాజ్యాలను తమ చక్రవర్తికి కప్పం కట్టేవిగా చిత్రించింది. సిల్లా రాజవంశీయుల సంతతికి చెందిన కిమ్ బుసిక్ సహజంగానే సిల్లా పక్షం వహించాడు. కాబట్టి ఏ ఒక్క గ్రంథాన్నీ ప్రమాణంగా తీసుకోవడానికి వీలులేదు. శాసనాలు, పురావస్తువులు సాక్ష్యం చెప్పినచోట మాత్రమే గ్రంథాల మాటకు బలం చేకూరుతుంది.

చారిత్రక క్రమం సంక్షిప్తంగా ఇది. గోజోసోన్ స్థాపన క్రీ.పూ. 2333లో జరిగిందన్నది దాన్‌గున్ పురాణగాథ. చారిత్రకంగా తెలిసేది క్రీ.పూ. 108లో హాన్ చక్రవర్తి వూ ఆ రాజ్యాన్ని జయించి సైనిక మండలాలను ఏర్పరచాడని. వాటిలో ప్రధానమైన లెలాంగ్ క్రీ.శ. 313 వరకు నిలిచింది. ఆ పిమ్మట ఉత్తరాన గోగుర్యో, నైరుతిలో బేక్జే, ఆగ్నేయంలో సిల్లా, దక్షిణ తీరాన గాయా కూటమి వర్ధిల్లాయి. 562 నాటికి గాయా ప్రాంతం సిల్లా వశమైంది. తాంగ్ సైన్యాల తోడ్పాటుతో సిల్లా 660లో బేక్జేను, 668లో గోగుర్యోను అంతం చేసి, తరువాత ఆ తాంగ్ సైన్యాలనే ద్వీపకల్పం నుండి వెళ్లగొట్టింది.

ముర్యోంగ్ రాజు సమాధి:

1971లో గోంగ్‌జు పట్టణం వద్ద, అప్పటికే తెలిసిన సమాధులలోకి నీరు చేరకుండా కాలువ తవ్వుతుండగా ఇటుకలతో కట్టిన మరో సమాధి బయటపడింది. దానిని ఎవరూ దోచుకోలేదు. లోపల లభించిన శిలాఫలకం అందులోనివాడు బేక్జే రాజు ముర్యోంగ్ అని తెలిపింది. మూడు రాజ్యాల కాలపు రాజసమాధులలో లోపలి వ్రాతను బట్టి యజమాని ఎవరో నిస్సందేహంగా తేలినది ఇదొక్కటే. జనం గుమికూడటంతో తవ్వకాన్ని ఒక్క రాత్రిలో ముగించివేశారు. ఏ వస్తువు ఎక్కడ ఎలా పడి ఉన్నదన్న సమాచారం దీనివల్ల చాలావరకు నష్టపోయింది. కొరియా పురావస్తు శాస్త్రంలో నేటికీ బాధతో తలచుకునే తొందరపాటు ఇది. అయినా మిగిలినదే అపారం.

సమాధి నిర్మాణం దక్షిణ చైనాలోని లియాంగ్ రాజవంశపు పద్ధతిలో ఉన్నది. ద్వారం వద్ద కాపలాగా రాతి మృగాన్ని నిలపడం కూడా చైనా ఆచారమే. మరొక ఫలకం సమాధి స్థలాన్ని భూదేవతల వద్ద ధనమిచ్చి కొన్నట్లు తెలిపే క్రయపత్రం. దానిపై లియాంగ్ రాజ్యపు ఇనుప నాణేలు పెట్టి ఉన్నాయి. ఇంతవరకు చూస్తే ఇది చైనాకు నకలు అనిపిస్తుంది. కాని శవపేటికల కలపను కణజాల పరీక్ష చేసినప్పుడు అది కోయామాకి అని తేలింది. ఆ వృక్షం సహజంగా పెరిగేది జపానులో మాత్రమే. రాజు, రాణి కిరీటాల బంగారు అలంకారాలు బేక్జే పనితనం. ఒకే గదిలో మూడు దేశాలు కనిపిస్తున్నాయి.

శిలాఫలకంలోని భాష ఇంకా ముఖ్యమైనది. రాజును మొదట ‘తూర్పును శాంతింపజేసే మహాసేనాపతి’ అని పేర్కొన్నారు. 521లో లియాంగ్ చక్రవర్తి వూ ఇచ్చిన బిరుదు ఇది. ఆ బిరుదును గర్వంగా చెక్కించుకున్నవారు కాలాన్ని సూచించడానికి మాత్రం లియాంగ్ చక్రవర్తి శకాన్ని వాడలేదు. మన ప్రభవాది సంవత్సరాల వంటి అరవై ఏండ్ల చక్రంలోని సంవత్సరం పేరు వ్రాశారు. మరణాన్ని తెలిపే క్రియ విషయంలోనూ ఇదే ధోరణి. చైనా మర్యాద ప్రకారం చక్రవర్తికి ఒక క్రియ, సామంతునికి మరొక క్రియ ఉంటాయి. ఫలకంపై ఉన్నది చక్రవర్తికి మాత్రమే వాడవలసిన క్రియ. లియాంగ్ ఆస్థానం ముందు సామంతునిగా నిలిచిన రాజు తన నేలలో సార్వభౌముడే. పైకి అణకువ, లోపల స్వాతంత్ర్యం అనుకోవడం కంటే, బిరుదు కూడా బేక్జే తన అవసరానికి సంపాదించుకున్న ఒక సాధనం అనుకోవడం సమంజసం.

ఫలకం రాజు పేరును ‘సామా’ అని తెలుపుతున్నది. 523లో 62వ ఏట మరణించాడని కూడా చెప్పింది. అంటే జననం 462. ఇక ‘నిహోన్ షోకి’ ఈ రాజు 461లో క్యూషూ సమీపంలోని ఒక ద్వీపంలో పుట్టాడని, అందువల్ల జపాను భాషలో ద్వీపమని అర్థమిచ్చే ‘షిమా’ అన్న పేరు వచ్చిందని చెబుతుంది. పక్షపాతంతో నిండిన ఆ గ్రంథం ఈ విషయంలో కొరియా నేల అడుగున దొరికిన ఫలకంతో ఒక్క ఏడాది తేడాతో సరిపోయింది. ఒక గ్రంథానికి పక్షపాతం ఉన్నంతమాత్రాన అందులోనిదంతా కల్పన కానక్కరలేదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

దక్షిణ తీరం, ఇనుము:

గాయా కూటమికి పూర్వరూపమైన బ్యోన్‌హాన్ ప్రాంతపు ఇనుము కోసం ఇరుగుపొరుగు జాతులతోపాటు ‘వా’ (నాటి జపానువారు) కూడా వచ్చేవారని, బజారులో ఇనుమును డబ్బులా వాడేవారని ‘సాన్‌గువో జి’ పేర్కొన్నది. 5వ శతాబ్దంలో జపానులో మొదలైన ‘సుయె’ అనే గట్టి బూడిదరంగు మృణ్మయ పాత్రల తయారీ గాయా కుమ్మరుల నైపుణ్యం నుండి వచ్చిందే. దీనికి ఎదురుదిశలో సాగిన ప్రభావం కూడా ఉన్నది. నైరుతి కొరియాలోని యోంగ్సాన్ నదీ పరీవాహక ప్రాంతంలో, జపానుకే ప్రత్యేకమని భావించే తాళపు రంధ్రం ఆకారపు సమాధి దిబ్బలు పదికి పైగా కనిపించాయి. ఇవి 5వ శతాబ్దాంతం, 6వ శతాబ్దారంభం నాటివి. వీటిలో ఖననమైనవారు స్థానిక నాయకులా, బేక్జే కొలువులోని జపానువారా అన్న చర్చ ముగియలేదు. నాటి సముద్రానికి నేటి సరిహద్దు గీతలు లేవని గుర్తిస్తేనే ఈ చర్చ ముందుకు సాగుతుంది.

ఆ గీతలను గతంపై గీయడం వల్ల కలిగిన చిక్కులకు గ్వాంగ్గేతో శిలాస్తంభం ప్రసిద్ధ ఉదాహరణ. గోగుర్యో రాజు గ్వాంగ్గేతో విజయాలను కీర్తిస్తూ ఆయన కుమారుడు 414లో నిలిపిన, ఆరు మీటర్లకు మించిన ఈ స్తంభం నేడు చైనాలోని జీఆన్‌లో ఉన్నది. 391వ సంవత్సరాన్ని పేర్కొన్న ఒక వాక్యంలో ‘వా’ సముద్రం దాటివచ్చి బేక్జే, సిల్లాలను లోబరచుకున్నారని జపాను పండితులు చదివారు. ఈ పఠనం దక్షిణ కొరియా పూర్వం జపాను పాలనలో ఉండేదన్న సిద్ధాంతానికి, తద్వారా 1910 నాటి ఆక్రమణకు సమర్థనగా ఉపయోగపడింది. ఆ వాక్యంలో క్రియకు కర్త ఎవరన్నదే కొరియన్ పండితుల అభ్యంతరం. 1972లో లీ జిన్-హుయ్ శాసనాక్షరాలను జపాను సైన్యం సున్నంతో మార్చిందని ఆరోపించాడు. తరువాతి పరిశోధన సున్నం పూసింది ప్రతులు స్పష్టంగా రావడం కోసం స్థానికులే అని సూచించింది. దక్షిణ కొరియాను జపాను పాలించిందన్న సిద్ధాంతాన్ని నేడు జపాను చరిత్రకారులలోనూ అత్యధికులు అంగీకరించరు. వివాదం మాత్రం దిక్కు మార్చుకున్నది. గోగుర్యో చైనా చరిత్రలో ప్రాంతీయ రాజ్యమా, కొరియన్ల పూర్వరాజ్యమా అన్నది ప్రస్తుత ప్రశ్న. 2004లో యునెస్కో ఒకే సమావేశంలో గోగుర్యో కట్టడాలను చైనా పేరిట ఒకసారి, ఉత్తర కొరియా పేరిట ఒకసారి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పరాయి లిపిలో సొంత వాక్యం:

చైనా లిపిని స్వీకరించిన కొరియన్లకు ఎదురైన ఇబ్బందిని తెలుగువారు తేలికగా గ్రహించగలరు. చైనా భాషలో కర్మకు ముందు క్రియ వస్తుంది. కొరియన్ భాషలో, తెలుగులో వలెనే, క్రియ వాక్యం చివర ఉంటుంది. నామం తరువాత ప్రత్యయం చేరుతుంది. 1934లో గ్యోంగ్‌జు వద్ద లభించిన ‘ఇమ్సిన్’ ప్రతిజ్ఞా శిల 6వ లేదా 7వ శతాబ్దం నాటిది. చైనా సాంప్రదాయిక గ్రంథాలను మూడేండ్లలో అధ్యయనం చేస్తామని ఇద్దరు సిల్లా యువకులు చేసిన ప్రతిజ్ఞ దానిపై ఉన్నది. అందులోని అక్షరాలన్నీ చైనావే, పదాల వరుస మాత్రం ‘ఆకాశం–ముందు–ప్రమాణంచేయు’ అని ఉన్నది. చైనావాడికి తలకిందులుగా తోచే ఈ వరుస మనకు సహజంగా ధ్వనిస్తుంది.

ఇక్కడి నుండి వారు మరింత ముందుకు వెళ్లారు. ‘హ్యాంగ్‌చల్’ పద్ధతిలో పదం మూలాన్ని చైనా అక్షరపు అర్థంతోనూ, ప్రత్యయాలను అక్షరపు ధ్వనితోనూ వ్రాశారు. సంస్కృత ప్రాతిపదికకు డు, ము, వు, లు చేర్చుకున్న భాషవారికి ఈ కలయిక అపరిచితం కాదు. ‘హ్యాంగా’ అనే 25 గేయాలు ఈ పద్ధతిలోనే మనకు దక్కాయి. చైనాలో లేని అక్షరాలను కూడా కొరియన్లు కల్పించారు. నీటిని, పొలాన్ని సూచించే గుర్తులను ఒకదానిపై ఒకటి పేర్చి వరిమడికి కల్పించిన అక్షరం సిల్లా రాజు జిన్‌హుంగ్ 561లో వేయించిన శాసనంలో ఉన్నది. జపానులో ‘మన్యోగానా’గా వికసించిన వ్రాత పద్ధతి ఇదే కోవకు చెందింది. అక్కడికి చేరింది చైనా లిపి మాత్రమే కాదు, దానిని పరాయి భాషకు లొంగదీసే ఉపాయం కూడా.

వాక్య నిర్మాణంలోని ఈ పోలిక కొందరిని దూరం తీసుకుపోయింది. 1905లో హోమర్ హల్బర్ట్ కొరియన్ భాషను ద్రావిడ భాషలతో పోల్చి ఒక వ్యాకరణ గ్రంథమే ప్రచురించాడు. ‘అమ్మ’, ‘అప్ప’ వంటి మాటల సామ్యం నేటికీ ప్రచారంలో ఉన్నది. క్రమబద్ధమైన ధ్వని సంవాదాలు నిరూపించలేనందున తులనాత్మక భాషాశాస్త్రం ఈ బంధుత్వాన్ని అంగీకరించలేదు. తల్లిదండ్రులను పిలిచే మాటలు ప్రపంచంలోని ఎన్నో సంబంధంలేని భాషలలో ఒకేలా ఉంటాయి. క్రీ.శ. 48లో ‘అయుత’ దేశం నుండి ఓడలో వచ్చి గాయా రాజును వివాహమాడిన హో హ్వాంగ్-ఓక్ గాథ ‘సామ్‌గుక్ యూసా’లో ఉన్నది. ‘అయుత’యే అయోధ్య అన్న విశ్వాసంతో 2001లో అక్కడ స్మారకాన్ని నెలకొల్పారు. కాని ఘటనకూ గ్రంథానికీ మధ్య పన్నెండు శతాబ్దాలున్నాయి. ఇది 1వ శతాబ్దపు వలసకు సాక్ష్యం కాదు. తమ మూలాన్ని బుద్ధుని దేశంతో కలుపుకోవాలన్న బౌద్ధ కొరియా ఆకాంక్షకు సాక్ష్యం కావచ్చు.

నాగార్జునుని శాస్త్రాలు:

నిజమైన సంబంధం వెతకవలసింది బౌద్ధ దర్శనంలో. బౌద్ధం 372లో గోగుర్యోకు, 384లో మరానంత అనే విదేశీ భిక్షువు ద్వారా బేక్జేకు చేరింది. సిల్లా 527లో ఆమోదించింది. జపానుకు బేక్జే రాజు సోంగ్ దీనిని పంపిన సంవత్సరం 538 అని ఒక సంప్రదాయం, 552 అని మరొకటి. ఈ తేదీల వరుస చూస్తే మళ్ళీ వారధి చిత్రమే కనిపిస్తుంది. మాధ్యమిక దర్శనం కథ వేరు.

నాగార్జునుని రెండు గ్రంథాలు, ఆర్యదేవుని ఒక గ్రంథం 5వ శతాబ్దారంభంలో కుమారజీవుని అనువాదాలుగా చైనాకు అందాయి. వీటిపై ఆధారపడినదే సాన్‌లున్ (త్రిశాస్త్ర) సంప్రదాయం. దక్షిణ చైనాలో దీని అధ్యయనం సన్నగిల్లిన తరుణంలో ఉత్తరం నుండి వచ్చి పునరుద్ధరించినవాడు సుంగ్‌నాంగ్ అనే గోగుర్యో భిక్షువు. ఆయన వద్ద చదవడానికి లియాంగ్ చక్రవర్తి వూ పదిమంది భిక్షువులను పంపాడని సంప్రదాయం. బేక్జే రాజుకు బిరుదునిచ్చిన చక్రవర్తి ఈయనే. సుంగ్‌నాంగ్ శిష్యపరంపరలోనే చైనా మాధ్యమికులలో అగ్రగణ్యుడైన జీజాంగ్ వచ్చాడు. 625లో ఈ శాస్త్రాన్ని జపానుకు తీసుకువెళ్లిన హ్యేగ్వాన్ కూడా గోగుర్యోవాడే. జీజాంగ్ వద్దనే చదివాడని చెబుతారు. అంటే కొరియా భిక్షువు చైనాకు గురువైనాడు, ఆ చైనా పరంపరలో చదివిన మరొక కొరియా భిక్షువు జపానుకు గురువైనాడు. అదే శతాబ్దంలో సిల్లాకు చెందిన వోన్‌హ్యో (617–686) ‘మహాయాన శ్రద్ధోత్పాద శాస్త్రం’పై వ్రాసిన వ్యాఖ్యను చైనా హువాయెన్ ఆచార్యుడు ఫాజాంగ్ తన వ్యాఖ్యకు ఆధారం చేసుకున్నాడు.

సిల్లాలో పుట్టిన హ్యేచో చైనాలో వజ్రబోధి శిష్యుడై, 723 ప్రాంతంలో సముద్రమార్గాన బయలుదేరి భారతదేశం తిరిగి 727లో మధ్య ఆసియాకు చేరాడు. ఆయన యాత్రా వృత్తాంతపు అసంపూర్ణ ప్రతిని 1908లో పాల్ పెలియో దున్‌హువాంగ్ గుహలో గుర్తించాడు. అందులో దక్షిణ భారత రాజు ఏనుగుల ప్రస్తావన, పర్వతాల నడుమ నాగార్జునుని కోసం యక్షులు నిర్మించారన్న మహావిహారం ప్రస్తావన ఉన్నాయి. హ్యేచో దానిని స్వయంగా చూశాడా, విన్నది వ్రాశాడా అన్నది తేలలేదు. ష్వాన్‌జాంగ్ కోసల దేశంలో వర్ణించిన పర్వత విహారంతోనూ, శ్రీపర్వత ఆధారాలతోనూ ఈ భాగాన్ని పక్కపక్కన పెట్టి చదవవలసి ఉన్నది. హ్యేచో తన దేశాన్ని తలచుకుని వెన్నెల రాత్రిపై వ్రాసిన కవిత కూడా ఈ దక్షిణ భారత భాగంలోనే ఉన్నది. అందులో సిల్లాకు గల మరో పేరును ఆయన వాడాడు. వృత్తాంతకర్త సిల్లావాడని చెప్పడానికి ఆ పేరు ఒక ఆధారమైంది.