ఇంజనును కాచే మెత్తని లోహం

నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్ళే బస్సు సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరాలి. ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు వేగం తగ్గుతుంది. ఇంజనుపై భారం పెరుగుతుంది. ఆ భారాన్ని మోసే వాటిలో ముఖ్యమైనది ప్రయాణికుల కంటికి కనిపించని ఒక చిన్న లోహపు భాగం. అదే బేరింగు.

ఇరుసుకు కందెన పెట్టనిదే బండి సాగదని మన రైతులకు తరతరాలుగా తెలుసు. ఎడ్లబండి ఇరుసు నెమ్మదైనది. మోటారు ఇంజనులోని క్రాంక్ షాఫ్టు మాత్రం నిమిషానికి వందల, వేల సార్లు తిరుగుతూ పిస్టన్ల తాకిడిని భరించాలి. ఉక్కుతో ఉక్కు నేరుగా రాసుకుంటే రెండూ వేడెక్కి, అతుక్కుపోయి, ఇంజను ఆగిపోతుంది.

దీనికి పరిష్కారం మోటారు కార్ల కంటే ముందే లభించింది. 1839లో అమెరికాకు చెందిన ఐజాక్ బాబిట్, మెత్తని మిశ్రలోహపు పొర గల బేరింగుకు పేటెంటు పొందాడు. ఆ లోహంలో అధికభాగం తగరం. కొద్దిపాళ్ళలో ఆంటిమొని, రాగి ఉంటాయి. ఇందలి గట్టి స్ఫటికాలు భారాన్ని మోస్తాయి. మెత్తని తగరం షాఫ్టు ఆకృతికి ఒదిగి, నూనెలో వచ్చిన ధూళికణాలను తనలో ఇముడ్చుకొని, షాఫ్టుపై గీతలు పడకుండా కాపాడుతుంది.

1883లో ఇంగ్లండులో బీచాంప్ టవర్ జరిపిన పరీక్ష మరో రహస్యాన్ని వెల్లడించింది. నూనె పోయడానికి బేరింగు పైభాగాన చేసిన రంధ్రం నుండి, షాఫ్టు తిరగగానే నూనె పైకి ఉబికింది. కర్ర బిరడా బిగిస్తే అదీ బయటకు వచ్చింది. పీడనమాపకం అమర్చి చూడగా, బేరింగుపై పడే సగటు పీడనానికి రెట్టింపు పీడనం కనిపించింది. తిరిగే షాఫ్టు పలుచని నూనె పొరపై తేలుతోందన్నమాట! 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతాన్ని అందించాడు.

అయితే ఇంజను మొదలైనప్పుడు, భారం ఎక్కువై వేగం తగ్గినప్పుడు ఈ పొర తెగిపోవచ్చు. అప్పుడు రక్షించేది మెత్తని లోహమే.

1908లో వెలువడిన ఫోర్డ్ మోడల్ టి కారులో ఈ లోహాన్ని కరిగించి పోసి బేరింగులు తయారుచేశారు. ఆ కాలపు మెకానిక్కులు షాఫ్టుకు నీలిరంగు పూసి తిప్పి, రంగు అంటిన మిట్టలను గోకి సరిచేసేవారు. లోహపు పొర ఉక్కుకు అతుక్కున్నదో లేదో తట్టి, శబ్దాన్ని బట్టి గుర్తించేవారు. కాఠిన్యాన్ని కొలవడానికి 1900లో బ్రినెల్ కనుగొన్న ఉక్కు గుండు పరీక్ష తోడ్పడింది. ప్రయోగశాలల్లో భారాన్ని క్రమంగా పెంచుతూ, ఘర్షణను, ఉష్ణోగ్రతను కొలిచేవారు.

మందమైన పొర పదేపదే తగిలే తాకిడికి అలసి బీటలు వారుతుందని అనుభవంలో తేలింది. అందువల్ల 1920, 1930 దశకాలలో ఉక్కు రేకుపై పలుచని పొర గల బేరింగులు వచ్చాయి. అధిక భారాలకు రాగి, సీసం మిశ్రమాన్ని వాడారు. పొర పలుచనైన కొద్దీ మన్నిక పెరిగింది. ధూళిని ఇముడ్చుకొనే గుణం మాత్రం తగ్గింది. అందుకే నూనెను వడగట్టడం తప్పనిసరి అయింది.

కాఠిన్యమే బలమని లోకం భావిస్తుంది. కాని గట్టి ఉక్కును కాచేది మెత్తని లోహమే. తాను అరిగి షాఫ్టును నిలిపే ఆ పలుచని పొర, ఘాట్ రోడ్డుపై ఎందరో ప్రయాణికులను క్షేమంగా గమ్యం చేరుస్తోంది.