పాయగట్టు నిలిస్తేనే చేపకు, నీటిపిల్లికి మనుగడ

కోరంగి మడ అడవి అనగానే సందర్శకులకు గుర్తుకు వచ్చేది చెట్ల నడుమ చెక్క వంతెన, పడవ షికారు. నిజానికి ఆ అడవికి ప్రాణాధారం దానిని చీల్చుకుంటూ సాగే పాయలు, వాటి ఇరువైపులా ఉన్న బురద గట్లు. కాకినాడ సమీపాన 1978లో ఏర్పాటైన ఈ అభయారణ్యం విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. గౌతమీ గోదావరి మంచినీటిని కోరంగి, గాడేరు పాయలు ఇక్కడికి చేరవేస్తాయి. ఉప్పునీటిని సముద్రపు పోటు తెస్తుంది.

పండుగప్ప పిల్లలు ఆ పోటు వెంటే పాయల్లోకి ప్రవేశించి మడ వేర్ల చాటున పెరుగుతాయి. రాలి కుళ్లిన ఆకులే రొయ్యపిల్లలకు, పీతలకు ఆహారానికి మూలం. రాత్రివేళ గట్టు వెంబడి వేటకు వచ్చేది నీటిపిల్లి. కొందరు దీనిని బావురుపిల్లి అంటారు. పెంపుడు పిల్లికి దాదాపు రెట్టింపు ఉండే ఈ జంతువు ప్రధానాహారం చేపలే. నీటిపిల్లి, నీటికుక్క రెండూ అంతర్జాతీయంగా ముప్పు ఎదుర్కొంటున్న జీవుల జాబితాలో ఉన్నాయి.

గట్టు పోతే ఏమవుతుందో డెల్టా తీరం ఇప్పటికే చూసింది. 1990వ దశకంలో రొయ్యల చెరువులు విస్తరించాయి. చెరువు కట్ట పోటునీటికి అడ్డుపడితే వెనుక నిలిచిన నీరు ఆవిరై, నేలలో ఉప్పు పేరుకుపోతుంది. ఒక్క గొడ్డలి వేటు పడకుండానే మడచెట్లు నిలువునా ఎండిపోతాయి.

అభయారణ్యం లోపల రక్షణ ఉంది, కానీ చేప హద్దురాయి చూసి ఆగదు. వెలుపలి గ్రామీణ ప్రాంతాల్లో పాయల వెంట నిర్మాణాలు నిషిద్ధమైన భూమిని 2011 తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 100 మీటర్లుగానో, పాయ వెడల్పుగానో, ఏది తక్కువైతే దానిగా నిర్ణయించాయి. 2019లో ఆ 100 మీటర్లు 50కి తగ్గాయి. అంటే పది మీటర్ల పాయకు నాడూ నేడూ దక్కేది పది మీటర్ల గట్టే. నిజానికి చేపపిల్లలు ఎక్కువగా తలదాచుకునేది ఇటువంటి చిన్న పాయల్లోనే. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ ఉన్నచోట మాత్రం చుట్టూ 50 మీటర్ల భూమికి అదనపు రక్షణ వర్తిస్తుంది.

పాడైన నేలను తిరిగి బాగుచేసే పద్ధతి ఉంది. ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో గ్రామస్తులతో కలిసి దీనిని అమలుచేసింది. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు లోపలికి చేరేలా చేసి, ఉప్పు తగ్గాక మడ మొక్కలు నాటుతారు. కాలువ లేకుండా మొక్కలు నాటితే బతకవు. తవ్విన కాలువకూ ఎప్పటికప్పుడు పూడిక తీయాల్సిందే.