పాత సైకిలుకు విద్యుత్ మోటారు: ఇంట అమర్చుకొనేవారు తెలుసుకోదగిన విషయాలు

హోసూరు పాతసామాను దుకాణాల ముందు వానకు నాని తుప్పు పట్టిన సైకిలు ఫ్రేములు ఏ కాలంలోనైనా కనిపిస్తాయి. పదకొండవ తరగతిలో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన సైకిలు, చదువు ముగిసిన తరువాత ఇంటి మూలన చేరి, చివరకు తూకానికి పోవడం కూడా ఇక్కడ కొత్త కాదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఎగుడుదిగుడు నేలపై పెరిగిన పట్టణమిది. సిప్కాట్ కర్మాగారాలకు షిఫ్టు పనికి వెళ్లేవారు మిట్ట ఎక్కేటప్పుడు సైకిలు దిగి నెట్టుకొనిపోవలసి వస్తుంది. విద్యుత్ స్కూటర్లు తయారయ్యే ఊరే అయినా, వాటి ధర అందరికీ అందేది కాదు. అందువల్ల పాత సైకిలుకు చిన్న మోటారు బిగించుకొనే ప్రయత్నాలు వీధివీధినా మొదలయ్యాయి. ఆ ప్రయత్నం మెచ్చదగినదే. అయితే అందులో చేతనైన పని, చేయరాని పని రెండూ ఉన్నాయి.

ముందుగా చట్టం మాట. కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989 ప్రకారం మోటారు శక్తి 0.25 కిలోవాట్ కంటే తక్కువగాను, వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడియు ఉన్న సైకిలును మోటారు వాహనంగా లెక్కించరు. పెడలు తొక్కడం ఆపినా, వేగం 25కు చేరినా మోటారు సహాయం ఆగిపోవాలి. బ్యాటరీ కాక బరువు 60 కిలోలు మించరాదు. ముందు తెల్లని, వెనుక ఎర్రని ప్రతిఫలక బిళ్లలు ఉండాలి. ఈ హద్దులు దాటిన బండి మోటారు వాహనమే అవుతుంది. దానికి రిజిస్ట్రేషను, బీమా, లైసెన్సు అన్నీ కావాలి. ఇలాంటి సైకిలును తయారుచేసి ఇతరులకు అమ్మదలచినవారు ఆమోదిత పరీక్షా సంస్థ ధ్రువపత్రం పొందవలసి ఉంటుంది. కావున ఇంట తయారైన బండి సొంత వాడకానికే అని భావించాలి. మోటారుపై శక్తి తెలిపే ముద్ర ఉన్నదానినే కొని, రశీదు భద్రపరచుకోవడం మంచిది.

పాత ఫ్రేము కొన్నప్పుడూ రశీదు అడగాలి. సాధారణంగా పెడళ్ల ఇరుసు గొట్టం అడుగున ఫ్రేము సంఖ్య చెక్కి ఉంటుంది. ఆ సంఖ్య రశీదులో ఉంటే, దొంగ సొత్తు కొన్నారన్న చిక్కు వచ్చినప్పుడు చూపడానికి ఆధారం ఉంటుంది. సంఖ్యను ఆకురాయితో అరగదీసిన ఫ్రేము ఎంత చౌకగా వచ్చినా వదిలివేయడమే మేలు.

ఉక్కు ఫ్రేమునే ఎన్నుకోవాలి. పైతుప్పు గీకితే పోతుంది. లోపలి నుండి తిన్న తుప్పు పోదు. హ్యాండిలు గొట్టం, పెడళ్ల ఇరుసు గొట్టం ఇతర గొట్టాలతో కలిసే అతుకుల వద్ద రంగు తుడిచి, వెలుతురులో వెంట్రుకవాసి పగులు ఉన్నదేమో చూడాలి. పగిలిన ఫ్రేముకు వెల్డింగు చేయించి మోటారు బిగించడం ప్రాణంతో చెలగాటం. ఇక చైను సాగిందో లేదో తెలుసుకోవడానికి సులువైన కొలత ఉంది. చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగితే ఆ చైనుతోపాటు పళ్ల చక్రం కూడా అరిగి ఉంటుంది, రెండూ మార్చాలి. బేరింగు గుండ్లు కొత్తవే వేయాలి. ఇవి కొద్ది ఖర్చుతో పోయే పనులు, వీధిచివరి సైకిలు షాపులో చేసి పెడతారు.

మోటారు చక్రం మధ్యలో హబ్బుగా కూర్చుంటుంది. దానికి స్పోకులు అల్లి, రిమ్ము సొట్టలు తీయడం అనుభవం గల మేస్త్రీ పని. సాధారణ 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. గంటకు 25 కిలోమీటర్లంటే నిమిషానికి దాదాపు 417 మీటర్లు, అనగా సుమారు 190 చుట్లు. కావున 36 వోల్టుల వద్ద నిమిషానికి 200 చుట్లకు మించని మోటారు సరిపోతుంది. అంతకంటే వేగం గలది తెచ్చి కంట్రోలరుతో అదుపు చేయవచ్చును కానీ, ఆ అదుపు తీగను తెంచే చేయి ఇంటిలోనే ఉంటుందని మరువరాదు.

ఎక్కువమంది ఉపేక్షించేది ఇరుసును. మామూలు సైకిలులో ఇరుసు కదలక నిలుస్తుంది, చక్రం దాని చుట్టూ తిరుగుతుంది. హబ్బు మోటారులో మోటారు చక్రాన్ని ముందుకు తిప్పినంత బలంగా ఇరుసు వెనుకకు తిరగజూస్తుంది. ఆ బలాన్ని ఆపేది ఫోర్కు చివర ఇరుసు కూర్చునే గాడి ఒక్కటే. నట్టు వదులైతే ఇరుసు గాడిని ఒరుసుకొంటూ విప్పారజేస్తుంది. ఒకనాడు ఇరుసు గిర్రున తిరిగి, తీగలు తెగి, చక్రం ఊడిపోతుంది. అది ముందు చక్రమైతే మనిషి ముఖం మీద పడతాడు. అందుకే ఇరుసును పట్టి ఫోర్కు గొట్టానికి బిగించే టార్క్ ఆర్మ్ అనే ఉక్కు పట్టీ తప్పనిసరి. షాక్ అబ్జార్బరు గల ముందు ఫోర్కుకు, అల్యూమినియం ఫోర్కుకు మోటారు బిగించరాదు. ఉక్కు ఫోర్కు లేనప్పుడు మోటారును వెనుక చక్రానికి అమర్చడమే క్షేమం. మొదటి వారంలో రోజూ నట్టు బిగువు చూసుకోవాలి.

వేగం 15 నుండి 25కు పెరిగితే ఆగడానికి పట్టే దూరం పది శాతమో ఇరవై శాతమో పెరగదు, దాదాపు మూడింతలవుతుంది. పాత సైకిళ్ల కడ్డీ బ్రేకులు తడిసిన ఉక్కు రిమ్ముపై జారిపోతాయి. కేబులుతో నడిచే మంచి బ్రేకులు రెండు చక్రాలకూ వేయించాలి. బ్రేకు పట్టగానే మోటారు ఆగేలా స్విచ్చు గల లివర్లు దొరుకుతాయి, వాటినే తీసుకోవాలి.

ఖర్చు అధికమయ్యేది, ప్రమాదం దాగి ఉండేది బ్యాటరీలో. పాత భాగాలతో కట్టిన సైకిలులో బ్యాటరీ మాత్రం పాతది కారాదు. చెడిపోయిన లాప్‌టాప్‌ల నుండి తీసిన లిథియం సెల్లులను అతికి బ్యాటరీ కట్టే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. 36 వోల్టుల బ్యాటరీలో 10 సెల్లుల వరుస ఉంటుంది. నిండినప్పుడు ఒక్కొక్కటి 4.2 వోల్టులు, మొత్తం 42. పది సెల్లులూ ఒకే వయసువి, ఒకే సత్తువవి అయితే అవి సమానంగా నిండి సమానంగా ఖాళీ అవుతాయి. ఎక్కడెక్కడివో ఏరి తెచ్చినవైతే బలహీనమైనది ముందే ఖాళీ అయి, ముందే నిండుతుంది. మిగిలినవి ఇంకా నిండుతూ ఉండగా అది హద్దు మీరి వేడెక్కుతుంది. ఒక సెల్లు అంటుకొంటే పక్కది అంటుకోవడానికి క్షణాలు చాలు. వోల్టుమీటరు ఈ లోపలి బలహీనతను చూపదు. అందువల్ల ప్రతి సెల్లునూ కనిపెట్టి ఉండే బీఎంఎస్ అనే రక్షణ పలక గల, ముద్రవేసిన కొత్త బ్యాటరీనే కొనాలి.

36 వోల్టులు, 10 ఆంపియర్-గంటల బ్యాటరీలో 360 వాట్-గంటల శక్తి ఉంటుంది. తొక్కుతూ పోయేవారికి కిలోమీటరుకు సుమారు 12 చొప్పున లెక్కిస్తే 30 కిలోమీటర్లు వస్తుంది. మిట్టలు ఎక్కువైతే తగ్గుతుంది. అంత సొమ్ము పెట్టలేనివారికి మూడు 12 వోల్టుల సీలు వేసిన సీసపు బ్యాటరీలు ఉన్నాయి. బరువు 12 కిలోల వరకు ఉంటుంది, సగానికి మించి వాడితే త్వరగా పాడవుతాయి, ప్రయాణం 15 కిలోమీటర్లకు పరిమితం. అయినా పాత లిథియం సెల్లుల కంటే ఇవి నమ్మదగినవి. చెడిపోయినప్పుడు బ్యాటరీ దుకాణదారు పాతది తీసుకొని ధరలో తగ్గిస్తాడు.

బ్యాటరీకి అతి దగ్గరగా, కంట్రోలరు పరిమితి 15 ఆంపియర్లయితే 20 ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. చార్జరు బ్యాటరీతోపాటు వచ్చినదే కావాలి. సీసపు బ్యాటరీ చార్జరును లిథియంకు తగిలించరాదు. 2 ఆంపియర్ల చార్జరుతో నిండడానికి ఐదారు గంటలు పడుతుంది గనుక చాలామంది రాత్రి పెట్టి నిద్రపోతారు, అదీ గడప పక్కన. మంట లేస్తే బయటికి పోయే దారి అదే. పగటిపూట, మనుషులు మేలుకొని ఉండగా, వాకిలికి దూరంగా చార్జి చేయాలి. ఉబ్బిన, కిందపడి సొట్టపోయిన, నీట మునిగిన బ్యాటరీకి మరల చార్జి పెట్టరాదు. పొగ కనిపిస్తే ఆర్పే ప్రయత్నం మాని, ఇంటివారిని బయటికి తీసుకొనివచ్చి 101కు ఫోను చేయాలి.

ఆయువు తీరిన బ్యాటరీని తడిచెత్తలోనో పొడిచెత్తలోనో వేయడం నిషిద్ధం. చెత్తబండిలో అది నలిగి అంటుకొంటే ముందుగా కాలేది పారిశుద్ధ్య కార్మికుల చేతులే. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం దానిని ఇతర చెత్తతో కలపక విడిగా అప్పగించడం వాడినవారి బాధ్యత. తిరిగి తీసుకొనే ఏర్పాటు తయారీదారులది. అప్పగించే వరకు రెండు కొసలకూ ఇన్సులేషను టేపు చుట్టి, పిల్లలకు అందని చోట, ఇనుపసామానుకు దూరంగా ఉంచాలి.