కాగితముపై కుంగని వోల్టేజి

ట్రాన్సిస్టరు రేడియోలో సెల్లులు పాతబడినప్పుడు ఒక వింతను గమనింపవచ్చును. శబ్దము తగ్గించి వినినచో పాట చక్కగా వినబడును. పెంచినచో గొంతు బొంగురుపోవును. సెల్లులో వోల్టేజి లేకపోలేదు. ఎక్కువ ప్రవాహమును కోరినప్పుడు అది నిలువలేదు. సెల్లు లోపల దాగియున్న అంతర్నిరోధమే ఇందుకు కారణము.

విద్యుత్ వలయములను నిర్మింపకముందే కంప్యూటరుపై లెక్కగట్టి చూచు ఇంజనీర్లకు ఇది మరువరాని పాఠము. ఈ పద్ధతికి అనుకరణ అని పేరు. 1973లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున వెలువడిన ‘స్పైస్’ అను ప్రోగ్రాము ఇందులో ప్రసిద్ధి గన్నది. దానికి 230 వోల్టుల జనకమని చెప్పినచో, ఎంత ప్రవాహము లాగినను అది 230 వోల్టులనే చూపును. ఇట్టిది ఆదర్శ జనకము. లోకమున ఎచ్చటను లేదు. 12 వోల్టులది ఒకటి, 11 వోల్టులది ఒకటి తెచ్చి, నడుమ నిరోధము లేకుండ సమాంతరముగా కలిపినచో, ఒకే చోట రెండు విలువలు ఉండవలసివచ్చును. లెక్క తెగదు, ప్రోగ్రాము తప్పు చూపి ఆగిపోవును.

దీనికి మార్గము పాతదే. 1883లో ఫ్రెంచి తంతి ఇంజనీరు థెవెనిన్ ఒక సూత్రమును ప్రకటించెను. జనకములు, నిరోధములు ఎన్ని అల్లుకొనియున్నను, రెండు కొసలనుండి చూచినచో అవి ఒక ఆదర్శ జనకము, దానితో వరుసగా ఒక నిరోధము అన్నట్లే ప్రవర్తించును.

ఇక మన పాలమూరు సీమకు వత్తము. గద్వాల చెంత కృష్ణపై జూరాల జలవిద్యుత్ కేంద్రమున 39 మెగావాట్ల యూనిట్లు ఆరు కలవు. నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రమున 150 మెగావాట్లవి ఆరు కలవు. ఇంత శక్తి దాపుననే పుట్టుచుండగా, వనపర్తి పల్లెలో బావి మోటారు ఏల మూలుగవలెను? ఏలయన, ఆ మోటారుకు జనకము జూరాల కాదు. ఊరి ట్రాన్స్‌ఫార్మరును, అటనుండి బావిదాక సాగిన తీగలును. ఆ తీగల నిరోధమే ఇచ్చటి అంతర్నిరోధము.

సులభమునకై ఒకే ఫేజు మోటారును తీసికొందము. తీగల నిరోధము 1 ఓము అనుకొందము. నడచుచున్న మోటారు 10 ఆంపియర్లు లాగినచో 10 వోల్టులు తీగలలోనే పోయి, 220 మిగులును. కాని కదలబోవు మోటారు ఇంకను ఎంతో ఎక్కువ లాగును. దానిని సుమారు 4.6 ఓముల నిరోధముగా ఎంచవచ్చును. అప్పుడు దానికి దక్కునది 189 వోల్టులు. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు, ఆటోస్టార్టర్ల వలన ఆ తీగపై మూడు మోటారులు ఒక్కమారుగా మొదలైనచో, 139 వోల్టులే. తిప్పుబలము వోల్టేజి వర్గమును అనుసరించును గనుక, అది మూడవవంతుకు కొంచెము మించి మాత్రమే ఉండును. మోటారు కదలదు, ప్రవాహము తగ్గదు, చుట్టలు కాలిపోవును. ఆదర్శ జనకముతో వేసిన లెక్కలో మాత్రము మూడింటికిని 230 వోల్టులు!

కావున మోటారులను ఒకదాని వెనుక ఒకటిగా, కొంత వ్యవధితో మొదలిడుట మేలు. తగినంత లావుగల తీగను వేయుట మరియు మేలు. మోటారు కాలినప్పుడు మోటారునే నిందింపక, దాని వెనుకనున్న తీగను కూడ లెక్కలోనికి తీసికొనవలెను. లెక్కలో మరచిన ఒక్క ఓము రైతుకు ఒక పంటంత ఖరీదు కావచ్చును.