బస్తీ చెడ్డదా? పేరు చెడ్డదా?

రుద్రారం: పట్నంలో గది కిరాయికి తీసుకోవాలన్నా, ఆడపిల్లను హాస్టల్లో చేర్పించాలన్నా, చేతికందిన కొడుకును కంపెనీ పనికి పంపాలన్నా మన జిల్లా పల్లెల్లో మొదట వచ్చే ప్రశ్న ఒకటే. ఆ ఏరియా మంచిదేనా? జవాబు చెప్పేవారు చాలామంది ఉంటారు. చూసి చెప్పేవారు మాత్రం కొద్దిమందే. పాతబస్తీ పేరెత్తగానే వద్దనేవారు కొందరు. ధూల్‌పేట అంటే చేతులడ్డం పెట్టేవారు మరికొందరు. నారాయణఖేడ్, రాయికోడ్ దిక్కు పల్లెల్లోనైతే ఇస్నాపూర్, పాశమైలారం, రుద్రారం పేర్లు విన్నా పెదవి విరిచేవారు లేకపోలేదు.

ఇది ఊసుపోక చెప్పుకునే ముచ్చట కాదు. భయపడి వద్దనుకుంటే నర్సింగు సీటు పోవచ్చు, ఉద్యోగం పోవచ్చు, నెలకు రెండు వేలు తక్కువ కిరాయికి వచ్చే గది పోవచ్చు. మంచి ఏరియా కదా అని గుడ్డిగా నమ్మితే అంతకన్నా పెద్ద నష్టమే జరగవచ్చు. కనుక ఒక బస్తీ ఎంత భద్రమో తేల్చుకోవడం ఎలాగో పల్లెవాసులు తెలుసుకోవడం అవసరం.

ధూల్‌పేటకు పోనివారెవరు?

ముందుగా ధూల్‌పేట సంగతే చూద్దాం. హైదరాబాద్‌లో చెడ్డపేరు మోసిన బస్తీల జాబితా రాస్తే మొదటి వరుసలో అదే ఉంటుంది. గుడుంబా కాపుడుకు ఆ బస్తీ దశాబ్దాల పాటు పేరుపడింది. 2024లో ఆబ్కారీ శాఖ అక్కడ గంజాయి అమ్మకాల మీద ప్రత్యేకంగా దాడులు చేపట్టింది. కనుక ఆ పేరు ఊరికే వచ్చింది కాదు.

అయితే వినాయక చవితి దగ్గర పడగానే జరిగేది ఏమిటి? మన జిల్లా యువజన సంఘాల వారు డీసీఎంలు, ట్రాలీలు మాట్లాడుకుని విగ్రహాల కోసం పోయేది ఆ ధూల్‌పేటకే. అక్కడి లోధా కుటుంబాలు తరతరాలుగా గణపతి విగ్రహాలు చేసి బతుకుతున్నాయి. అర్ధరాత్రి దాకా బేరాలు సాగుతాయి. జేబులో డబ్బు పెట్టుకుని పోయినవారు విగ్రహంతో తిరిగి వస్తారు. రుద్రారం గణేశ్‌గడ్డకు మొక్కుకునేవారు కూడా, ఏడాదంతా వద్దనే బస్తీకి చవితి ముందు ఏ భయం లేకుండా పోతారు.

దీన్నిబట్టి తెలిసేది ఒకటుంది. ఆపద అనేది బస్తీ మొత్తానికి ఒకే తీరుగా పరచుకుని ఉండదు. గంజాయి కొనడానికి పోయినవాడికి ఉండే ప్రమాదం వేరు, గణపతి కోసం పోయినవాడికి ఉండేది వేరు. ఒకే గల్లీ పగలు ఒక తీరుగా, రాత్రి ఒంటిగంటకు మరో తీరుగా ఉంటుంది. ‘ఆ ఏరియా మంచిదేనా’ అని అడిగేకన్నా ‘ఎవరికి, ఏ వేళ, ఏ పని మీద’ అని అడిగితే సరైన జవాబు దొరుకుతుంది.

పేరు ఒకనాటిది, బతుకు నేటిది

పాతబస్తీ విషయానికి వద్దాం. 1990 డిసెంబరులో హైదరాబాద్‌లో జరిగిన మతకలహాల్లో వందకు పైగా ప్రాణాలు పోయాయి. అంతకు ముందు పదేళ్లలో కర్ఫ్యూ అనే మాట నగరవాసులకు అలవాటైపోయింది. ఆ రోజుల్లో పట్నం పోయి చిక్కుకున్నవారు పల్లెలకు తిరిగొచ్చి చెప్పిన కథలే నేటికీ మన రచ్చబండల మీద నడుస్తున్నాయి. ఆనాడు పుట్టినవాడికి నేడు ముప్పై అయిదేళ్లు. పేరు మాత్రం ఇంకా ఆ కర్ఫ్యూ దగ్గరే ఆగిపోయింది.

మరి మనవారు పాతబస్తీకి పోకుండా ఉంటున్నారా? పెళ్లి బట్టలకు మదీనా, పత్తర్‌గట్టి. గాజులకు లాడ్‌బజారు. కాన్పుకు పేట్లబురుజు దవాఖాన. మూసీ దాటకుండా ఈ పనులేవీ కావు. అక్కడ సామాన్యుడికి ఎదురయ్యే కష్టాలు రద్దీ, జేబుదొంగలు, బేరంలో మోసం. ఇవి ఏ పెద్ద బజారులోనైనా ఉండేవే.

ఒకసారి పడిన ముద్ర ఎంతకాలం ఉంటుందో చెప్పడానికి బాపట్ల దగ్గరి స్టువర్టుపురాన్ని మించిన ఉదాహరణ లేదు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఒక చోట కట్టడి చేయడానికి 1910ల దశకంలో తెల్లదొరల ప్రభుత్వం పెట్టించిన ఊరది. 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా ఊరిపేరు చెబితే అనుమానంగా చూసేవారు ఇంకా ఉన్నారు. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగం చేసుకునేవారికి ఆ చూపే పెద్ద శిక్ష.

ఘోరాలు జరిగిన చోట్లు ఏవి?

మరోవైపు, నగరం ఉలిక్కిపడిన ఘటనలు ఎక్కడ జరిగాయో గుర్తు చేసుకుందాం. 2007 ఆగస్టు 25న బాంబులు పేలింది కోఠిలోని గోకుల్ చాట్ దగ్గర, సచివాలయం ఎదుటి లుంబినీ పార్కులో. నలభై మందికి పైగా చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న పేలింది కోచింగు సెంటర్లతో కిటకిటలాడే దిల్‌సుఖ్‌నగర్‌లో. అదే ఏడాది అక్టోబరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కారులో అపహరించి అత్యాచారం చేసిన ఘటన జరిగింది హైటెక్ సిటీ ప్రాంతంలో. 2014 అక్టోబరులో పోలీసు శాఖ షీ టీములు ఏర్పాటు చేయడానికి ఆ ఘటనే కారణమైంది. 2019 నవంబరు 27 రాత్రి పశువైద్యురాలిని దుండగులు ఎత్తుకుపోయింది శంషాబాద్ దగ్గర, ఔటర్ రింగురోడ్డు టోల్‌ప్లాజా సమీపంలో.

వీటిలో ఏ ఒక్కటీ జనం భయపడే బస్తీల జాబితాలోది కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలిన బాంబు పాతబస్తీలోదే అయినా, దానికి బలైంది అక్కడ నమాజుకు వచ్చినవారే. టోల్‌ప్లాజా దగ్గర ఇరుకు గల్లీలు లేవు, గుడిసెలు లేవు. విశాలమైన రోడ్డు ఉంది. లేనిది మనుషుల సందడి.

అమెరికాలో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లో నగరాల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతే వివరించింది. బోస్టన్ నగరంలోని నార్త్ ఎండ్ అనే పేట ఇరుకుగా ఉంటుందని అధికారులు మురికివాడ కింద జమకట్టారు. తీరా చూస్తే నేరాలు తక్కువ ఉన్న పేటల్లో అదొకటి. దుకాణాలు తెరిచి ఉండి, అరుగుల మీద మనుషులు కూర్చుని, వచ్చేపోయేవారిని కనిపెట్టి ఉండే వీధికి పోలీసు కన్నా ముందు ఆ మనుషులే కాపలా అని ఆమె వాదన. మన పల్లెల్లో అరుగు మీద కూర్చున్న అవ్వ చేసే పని కూడా అదే కదా!

అంకెల మాట

2022లో దేశం మొత్తం మీద 28,522 హత్య కేసులు నమోదయ్యాయని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వాటిలో తగాదాల వల్ల జరిగినవి 9,962. పాత పగల వల్ల జరిగినవి 3,761. డబ్బు కోసం, సొమ్ము కోసం చేసినవి 1,884. అంటే దారిన పోయే పరాయివాడు దోచుకుని చంపుతాడన్న భయం కంటే, తెలిసినవారి మధ్య చెలరేగే కొట్లాటే ఎక్కువ ప్రాణాలు తీస్తోందన్న మాట. అత్యాచారం కేసుల్లోనూ నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవారు.

అదే 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. హత్యలకు దాదాపు ఆరింతలు. ‘ఆ బస్తీకి పోవద్దు బిడ్డా’ అని జాగ్రత్త చెప్పే తండ్రి, హెల్మెట్ లేకుండా బండి మీద ముగ్గురు పోతుంటే ఏమీ అనడు. ఏది పెద్ద ముప్పో ఈ లెక్క చెబుతోంది.

పోలీసు స్టేషను వారీ కేసుల లెక్కలు చూసేటప్పుడు కూడా కొంత జాగ్రత్త అవసరం. అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల నివసించేవారు వేలల్లో ఉంటే, ఇమ్లీబన్ బస్‌స్టేషనుకు, ఉస్మానియా ఆసుపత్రికి, బేగంబజారుకు వచ్చిపోయేవారు అంతకు ఎన్నో రెట్లు. అక్కడ జేబు కత్తిరింపులు ఎక్కువ నమోదైతే అందులో వింత లేదు. మరోచోట కేసులు తక్కువ ఉన్నాయంటే నేరాలు లేవనీ కావచ్చు, ఫిర్యాదు చేయడానికి జనం జంకుతున్నారనీ కావచ్చు.

మన గడప ముందు సంగతి

పట్నం సంగతి అలా ఉంచి, మన రహదారి పక్కకు వద్దాం. పటాన్‌చెరు నుంచి రుద్రారం వరకు ముంబయి రహదారికి రెండు వైపులా ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి వెంటే బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి కూలీలు వచ్చారు. పది అడుగుల గదిలో అయిదారుగురు, షిఫ్టుల వారీగా పడుకునే రేకుల వరుసలు లేచాయి. 2009లో గీతం విశ్వవిద్యాలయం ప్రాంగణం రుద్రారంలో వచ్చాక, పిల్లలను దించడానికి వచ్చే తల్లిదండ్రులు కూడా ‘ఇక్కడ రాత్రిపూట ఎలా ఉంటుంది’ అని వాకబు చేయడం సహజమే. పాతబస్తీని మనం చూసే చూపుతో మనల్ని చూసేవారూ ఉన్నారన్నమాట!

చిన్న దొంగతనం జరిగినా ముందు అనుమానం పడేది ఆ రేకుల గదుల వారి మీదే. భాష తెలియదు, ఊరు తెలియదు, పేరు తెలియదు. కానీ 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగి భవనం కూలినప్పుడు నలభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది ఇలా పొట్టచేత పట్టుకుని వచ్చినవారే. అంతకు ముందు ఏడాది, 2024 ఏప్రిల్ 3న హత్నూర మండలం చందాపూర్‌లో రసాయన పరిశ్రమలో రియాక్టర్ పేలి పలువురు చనిపోయారు.

రాత్రి గల్లీలో కొడుకుకు ఏమవుతుందోనని తల్లడిల్లిన తల్లులు, పగలు ఫ్యాక్టరీలో ఏమవుతుందోనని అడగలేదు. అడగాలని వారికి చెప్పినవారూ లేరు. నక్కవాగు నీళ్లు రంగు మారినప్పుడు, బోర్లు పాడైనప్పుడు వ్యవహారం 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ నీళ్లు తాగిన పల్లెలకు రౌడీల పేరు లేదు, దొంగల పేరు లేదు. ప్రమాదం మాత్రం ఉంది. కత్తి పట్టుకుని వచ్చేదే ఆపద అనుకుంటే ఇలాంటివి కంటికి ఆనవు.

ఏం చూడాలి? ఎవరిని అడగాలి?

గది తీసుకునే ముందు ఆ బస్తీకి రెండుసార్లు పోయి రావడం మంచిది. ఒకసారి పగలు, మరోసారి రాత్రి తొమ్మిది దాటాక. బస్‌స్టాపు నుంచి గది దాకా నడిచి చూడాలి. వీధి దీపాలు వెలుగుతున్నాయా? కిరాణం, మందుల షాపు, చాయ్ హోటలు ఎంతసేపు తెరిచి ఉంటున్నాయి? ఆడవారు ఒంటరిగా నడిచి పోతున్నారా? పిల్లలు వాకిట్లో ఆడుకుంటున్నారా? దారిలో వైన్‌షాపు, పర్మిట్‌రూము ఉన్నాయా? ఖాళీ ప్లాట్లు, ముళ్లపొదలు ఎంత దూరం ఉన్నాయి? బస్తీ పేరు కంటే ఈ సంగతులు ఎక్కువ చెబుతాయి.

కిరాయికిచ్చే యజమాని అంతా బాగుందనే చెబుతాడు. ఊళ్లో కూర్చున్నవాడు అంతా చెడ్డదనే చెబుతాడు. అడగవలసింది అక్కడ ఏళ్లుగా ఉంటున్న ఆడవారిని, రెండో షిఫ్టు దిగి ఇంటికొచ్చే పనివారిని. బస్సు దిగాక ఏ దారిన వస్తారు, ఏ దారిన రారు అని అడిగితే చాలు, బస్తీ పటం గీసి చేతికిచ్చినట్టే. ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితమైంది. ఆఖరి బస్సు పోతే మాత్రం మిగిలేది తెలియని ఆటోనే.

హాస్టలైతే గేటుకు వాచ్‌మన్ ఉన్నాడా, మంటలు లేస్తే బయటపడడానికి రెండో మెట్లున్నాయా చూడాలి. కంపెనీ పనైతే ఈఎస్ఐ కార్డు ఇస్తారా, పనిలో పెట్టేముందు జాగ్రత్తలు నేర్పుతారా, ప్రమాద సైరను మోగితే ఏ గేటు నుంచి పోవాలో చెబుతారా అని నిస్సంకోచంగా అడగాలి. పోలీసు సహాయానికి 100 లేదా 112, ఆడవారి సహాయానికి 181 నంబర్లు పిల్లల ఫోనులో ముందే రాసి పెట్టాలి. డబ్బు పోగొట్టుకునేవారు ఇప్పుడు గల్లీలో కన్నా ఫోనులోనే ఎక్కువగా మోసపోతున్నారు. అలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఏ బస్తీ అయినా అక్కడ ఉండేవారిలో నూటికి తొంభై మంది మనలాగే పొద్దున లేచి పనికి పోయి, రాత్రికి ఇంటికి చేరేవారే. చెడ్డపేరు వల్ల మొదట నష్టపోయేది కూడా వారే. ఆ చిరునామా చెబితే ఆటో రాదు, అప్పు పుట్టదు, పిల్లకు సంబంధం కుదరదు. జాగ్రత్త వద్దని ఎవరూ అనరు. ఆ జాగ్రత్త ఊరి పుకారు మీద కాక, కాళ్లతో నడిచి కళ్లతో చూసిన దాని మీద ఉంటే పిల్లలకూ మేలు, పట్నంలోని పేదబస్తీలకూ మేలు.