లక్షన్నర గింజల త్రాసు

న్యూరల్ నెట్‌వర్కుల పాఠంలో ఆ పాండా బొమ్మ తెర మీదికి వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు చెయ్యి ఎత్తుతారు. 2014 చివర్లో గూగుల్‌కు చెందిన ఇయన్ గుడ్‌ఫెలో, జొనాథన్ ష్లెన్స్, క్రిస్టియన్ సెగెడీ చూపించిన బొమ్మ అది. ఎడమవైపు ఒక పాండా. గూగుల్‌నెట్ అనే క్లాసిఫయర్ దాన్ని 57.7 శాతం నమ్మకంతో పాండా అంది. కుడివైపు ఉన్నదీ అదే పాండా. దాన్ని మాత్రం 99.3 శాతం నమ్మకంతో గిబ్బన్ అనే వానరం అనేసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా తేడా దొరకదు. మన కంటికి ఆనని మార్పు యంత్రానికి ఎలా ఆనింది?

చాలా మంచి ప్రశ్న. బొమ్మల్ని గుర్తుపట్టే యంత్రాలను కాపాడుకోవడానికి జరిగిన పోరాటమంతా దీని చుట్టూనే తిరిగింది.

యంత్రానికి బొమ్మంటే అంకెల వరస. 224 పిక్సెళ్ల వెడల్పు, 224 పిక్సెళ్ల ఎత్తు, ఒక్కో పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడేసి అంకెలు. అన్నీ కలిపితే 1,50,528. ఒక్కో అంకె 0 నుంచి 255 లోపు ఉంటుంది. పాండా విషయంలో ఈ అంకెలను సుమారు ఒక్కొక్క మెట్టు మాత్రమే కదిపారు, కొన్నింటిని పైకి, కొన్నింటిని కిందికి. 128 ఉన్నచోట 129 అయితే ఏ కన్ను పసిగడుతుంది?

ఇప్పుడు కిరాణా కొట్టులోని త్రాసును తలుచుకోవాలి. ఒక పళ్లెం పాండాది, రెండోది గిబ్బన్‌ది. బియ్యపు గింజ ఒకటి సుమారు 20 మిల్లీగ్రాములు తూగుతుంది. గిబ్బన్ పళ్లెంలో ఒక గింజ వేస్తే ముల్లు కదలదు. లక్షన్నర గింజలను కళ్లు మూసుకుని చెరోవైపు విసిరినా పెద్దగా ఏమీ కాదు. సగం అటు, సగం ఇటు పడి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సంభావ్యతా గణితం ప్రకారం చివరికి తేలే తేడా లక్షన్నరకు వర్గమూలమంత, అంటే నాలుగు వందల గింజలకు కాస్త తక్కువ. ఎనిమిది గ్రాములు కూడా ఉండదు. అవే గింజలను ఒక్కటీ పొల్లుపోకుండా గిబ్బన్ వైపే వేస్తే? మూడు కిలోలు! త్రాసు ఠపీమని ఒరిగిపోతుంది.

గుడ్‌ఫెలో బృందం చెప్పిన కారణం సరిగ్గా ఇదే. నెట్‌వర్క్ లోపల జరిగేది చాలావరకు గుణించి కూడటమే. ఒక్కో అంకెకు ఒక్కో బరువు. అంకెలు లక్షల్లో ఉన్నప్పుడు, దేన్ని పైకి జరపాలో దేన్ని కిందికి జరపాలో తెలిసినవాడి చేతిలో ఒక్కొక్క మెట్టే గుట్టగా పేరుకుంటుంది. మరి తెలిసేదెలా? యంత్రం నేర్చుకునేటప్పుడు ‘ఏ బరువును ఎటు జరిపితే తప్పు తగ్గుతుంది’ అని లెక్క కడుతుంది. ఆ లెక్క పేరు గ్రేడియంట్. దాడి చేసేవాడు బరువుల జోలికి పోడు. అదే లెక్కను బొమ్మ మీద తిప్పి వేస్తాడు: ఏ అంకెను ఎటు జరిపితే తప్పు పెరుగుతుంది? చదువు చెప్పిన సూత్రమే మోసానికీ పనికొచ్చింది. ఈ మలుపులోని అందానికే ఎంతోమంది పరిశోధకులు ఇటు వచ్చి ఉంటారు.

కాపాడేవాళ్లకు తోచిన ఒక ఉపాయం ఆ గ్రేడియంట్‌ను దాచేయడం. 2015లో నికొలా పాపర్నో బృందం ‘డిఫెన్సివ్ డిస్టిలేషన్’ అనే పద్ధతి తెచ్చింది. ఒక నెట్‌వర్క్ మీద దాడుల విజయాన్ని అది 95 శాతం నుంచి అర శాతం లోపుకు దించింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ మరుసటి ఏడాది బర్క్‌లీలోని నికొలస్ కార్లీనీ, డేవిడ్ వాగ్నర్ ఆ యంత్రాన్ని విప్పి చూశారు. డిస్టిలేషన్ వల్ల, చివరి మెట్టు ముందు ఒక్కో జవాబుకు యంత్రం వేసే మార్కులు విపరీతంగా ఉబ్బిపోతున్నాయి. వాటిని శాతాల్లోకి మార్చే చివరి మెట్టులో గ్రేడియంట్ ఎంత చిన్నదవుతోందంటే, కంప్యూటర్ దాన్ని సున్నా కింద రాసుకుంటోంది. దాడి చేసేవాడి దిక్సూచి ముల్లు ఆగిపోయిందే గానీ దారి మూసుకుపోలేదు. కార్లీనీ, వాగ్నర్ ఆ చివరి మెట్టును పక్కనపెట్టి, దాని ముందున్న మార్కుల మీదే లెక్క వేశారు. దాడి నూటికి నూరుపాళ్లూ పారింది.

ఆ తర్వాత ఈ జగడం మరింత రక్తి కట్టింది. 2018 జనవరి చివర్లో ఈ రంగపు పరిశోధకుల ఐసీఎల్ఆర్ సదస్సు తన వ్యాసాల ఎంపికను ప్రకటించింది. వాటిలో కొత్త రక్షణ పద్ధతులూ ఉన్నాయి. సదస్సు ఇంకా జరగనే లేదు, కొద్ది రోజుల్లోనే అనీష్ అథల్యే, కార్లీనీ, వాగ్నర్ కలిసి తమ పత్రం బయటపెట్టారు. పరీక్షించిన తొమ్మిది రక్షణల్లో ఏడు ఏదో ఒక రూపంలో గ్రేడియంట్‌ను మరుగుపరుస్తున్నవే. ఆ ఏడింటిలో ఆరింటిని పూర్తిగా, ఒకదాన్ని కొంతవరకు ఛేదించారు. ఇది ఎవరినీ చిన్నబుచ్చడానికి చేసిన పని కాదు. కోటగోడ గట్టిదో కాదో తెలియాలంటే దాన్ని నిజంగా పడగొట్టబోయేవాడు ఒకడుండాలి. ఈ రంగానికి అంతకు మించిన ఉపకారం ఇంకొకటి జరగలేదు.

ఆ తొమ్మిదిలో గట్టిగా నిలబడింది ఎంఐటీలో అలెగ్జాండర్ మాద్రీ బృందం చేసింది. అందులో దాపరికం లేదు. ముల్లును ముల్లుతోనే తీయాలన్న పద్ధతి. శిక్షణలో ప్రతి బొమ్మనూ నేర్పే ముందు, ఆ బొమ్మకు అత్యంత ప్రమాదకరమైన రూపాన్ని తామే వెతికి తయారు చేస్తారు. అది పిల్లి బొమ్మ అయితే, ‘ఇదీ పిల్లే’ అని ఆ చెడిన బొమ్మతోనే పాఠం చెబుతారు. యంత్రం కాస్త నేర్చుకోగానే మళ్లీ దాని కొత్త బలహీనత వెతుకుతారు. గుడ్‌ఫెలో ఈ ఆలోచనను 2014లోనే వాడి, చేతిరాత అంకెల మీద దాడిలో తప్పులను 89.4 శాతం నుంచి 17.9కి తగ్గించాడు. అతను ఒక్క అడుగుతో దాడి బొమ్మ చేస్తే, మాద్రీ బృందం సీఫార్-10 అనే బొమ్మల సేకరణ మీద ఏడు చిన్న చిన్న అడుగులు వేసింది. ప్రతి అడుగుకూ లెక్క మళ్లీ మొదలు, కాబట్టి శిక్షణ ఖర్చు కొన్ని రెట్లు పెరిగింది.

ఖర్చు అక్కడితో ఆగలేదు. సీఫార్-10లో మామూలు నెట్‌వర్క్ 95.2 శాతం బొమ్మలను సరిగ్గా చెబితే, ఈ కఠిన శిక్షణ పొందింది 87.3 దగ్గరే ఆగింది. దాడి జరిగితే మాత్రం మామూలుది 3.5 శాతానికి కుప్పకూలింది, ఇది దాదాపు 46 శాతం దగ్గర నిలదొక్కుకుంది.

2019లో జెరెమీ కోహెన్ బృందం ఇంకో దారి తొక్కింది. ఒకే బొమ్మ మీద గుడ్డిగా రకరకాల మచ్చలు చల్లి, వేలసార్లు యంత్రాన్ని అడిగి, ఎక్కువ ఓట్లు పడిన జవాబు తీసుకోవడం. త్రాసును కదపలేక తేలిపోయిన ఆ గుడ్డి గింజలే ఇక్కడ డాలు అయ్యాయి. ఇంత దూరం లోపల ఏ దాడీ జవాబును మార్చలేదని చాలా ఎక్కువ సంభావ్యతతో గణితపరంగా హామీ ఇవ్వగలగడం దీని బలం.

ఈలోగా దాడులు తెర దాటి బయటికొచ్చాయి. త్రీడీ ప్రింటర్‌తో చేసిన తాబేలును యంత్రం తుపాకీ అంది. నాలుగు స్టిక్కర్ ముక్కలు అంటించిన స్టాప్ బోర్డును వేగపరిమితి బోర్డు అంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో మోపూరి కొండారెడ్డి, ఉత్సవ్ గార్గ్, ఆర్. వెంకటేశ్ బాబు శిక్షణ బొమ్మలు ఒక్కటీ చూడకుండానే నెట్‌వర్కులను తికమకపెట్టే మచ్చల తెరను తయారు చేయవచ్చని 2017లో చూపించారు.

2024 నాటికి సీఫార్-10లో దాడిని తట్టుకున్న అత్యుత్తమ ఫలితాల్లో ఒకటి సుమారు 74 శాతం. దాన్ని సాధించినదీ మాద్రీ దారిలోని శిక్షణే. అవి 32 పిక్సెళ్ల పొడవు వెడల్పుల చిట్టి బొమ్మలు, ఒక్కోదానిలో 3,072 అంకెలు. కారు కెమెరా ఒక్క ఫ్రేములో చూసే అంకెలు లక్షల్లో ఉంటాయి.